ఉప్పుగూడలో కొరియా కుంపటి

మా ఆయన దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన పూట, ఉప్పుగూడ స్టేషన్ వెనకాల మా గల్లీ గల్లీ అంతా మా ఇంట్లోనే ఉంది. పెట్టెలోంచి టేప్‌రికార్డర్ వస్తుందా, సెంటు సీసాలొస్తాయా, నైలాన్ చీరలొస్తాయా అని అందరి కళ్లూ పెట్టె మీదే. నావి మాత్రం ఆయన మీదున్నాయి, అదీ దొంగచాటుగా. పెట్టె తెరిచాడు. అన్నింటికన్నా పైన ఒక కట్ట స్టీలు పుల్లలు!

"గివి ఏంది బిడ్డా?" అంది మా అత్త.

"తినే పుల్లలే అవ్వా. కొరియావాళ్లు గీటితోనే తింటరు."

"అయ్యో! చేతులకేమైంది పాపం?"

వచ్చినవాళ్లంతా కొరియావాళ్ల మీద జాలిపడ్డారు. మా అత్త ఒక పుల్ల తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికి పోయి, ఎన్నాళ్ల నుంచో మూలపడున్న లంగాకు క్షణంలో నాడా ఎక్కించుకొచ్చింది. "మస్తు పనికొస్తది రా" అని కొడుకు తల నిమిరింది.

అప్పట్లో మాకు ఎడారి దేశాలన్నీ దుబాయే. మా ఆయన అక్కడ రోడ్లు వేసే ఒక కొరియా కంపెనీ క్యాంపులో, కూలీల మెస్సులో పనికి కుదిరాడు. మొదట గిన్నెలు తోమాడు, తర్వాత ఉల్లిగడ్డలు కోశాడు, చివరికి వంటవాడయ్యాడు. పెళ్లయిన ఆర్నెల్లకే పోయాడు. ఆ ఆర్నెల్లలో నేను ఆయన ముఖం నేరుగా చూసి మాట్లాడింది తక్కువ. ఆ తర్వాత నాలుగేళ్లూ ఉత్తరాలే. 'మేమంతా క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను.' ఎవరైనా చదివితే తాసిల్దారుకు రాసినట్టుండేవి. అత్త పక్కన కూర్చుని ఉండగా ఇంకేం రాస్తాం?

సెలవు రెండు నెలలు. అది అయిపోతే ఏజెంటు వచ్చి పాస్‌పోర్టు తీసుకుపోతాడు, వెనకే ఈయనా పోతాడు. నాకు ఆయన పోవడం ఇష్టం లేదు. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేముంది, అప్పుడుండేది సిగ్గు. కోడలు అత్త ముందు నిలబడి మొగుణ్ణి పోవద్దంటే, గల్లీలో పది రోజులు అదే కథ. పైగా మా అత్త రైల్వే గ్యాంగ్‌మన్ భార్య. మామ పోయాక కూడా ఆమె మాటలన్నీ పట్టాల మీదే నడిచేవి. "రైలు పోతది, రైలొస్తది. మొగోడు గూడ గంతే. ఏడుస్తమా?" అనేది. ఏడవకూడదన్నమాట.

ఒకరోజు అన్నం తింటూ మా ఆయన, "ఈడనే ఏదన్న పెట్టుకుంటె మళ్ల పోయే పని లేదు" అన్నాడు. అని నా వైపు చూశాడు. నాకు గుండెలో బ్యాండు మోగింది. పొయ్యి వైపు తిరిగి, "నీ ఇష్టం" అన్నాను.

ఏదన్నా అంటే కిరాణా దుకాణం అనుకున్నాను. సైకిళ్ల దుకాణం అనుకున్నాను. పొద్దున లేచి, "కొరియా హోటల్ పెడుతున్న" అన్నాడు!

ఆయన లెక్క ఆయనకుంది. ఊళ్లో ఆబిడ్స్ వైపు చైనా హోటళ్లు నడుస్తున్నాయి కానీ, ఆ రేట్లకు మావంటి సంసారాలు బోర్డు చూసి తిరిగి రావాల్సిందే. మా వైపు చాయ్ హోటళ్లకు మగవాళ్లే పోతారు. గుమాస్తాలు, మిల్లు కూలీలు, దర్జీలు, వీళ్లంతా ఆదివారం పెళ్లాంపిల్లలను తీసుకుని ఎక్కడికి పోవాలి? "గరీబు ఫ్యామిలీలు గూడ దర్జాగ కూసొని తినే హోటల్ ఉండాలె. రేటు మాత్రం ఉప్పుగూడ రేటు" అన్నాడు. మాట మంచిదే. కానీ మధ్యలో ఈ కొరియా ఎందుకు? "నాకు వేరే వంట రాదు" అన్నాడు.

ఇక మొదలైంది లొల్లి. ముందు గోబిగడ్డ, అదే క్యాబేజీ, కోసి, ఉప్పూ కారం వెల్లుల్లి దట్టించి, మా ఆవకాయ జాడీలో కుక్కి మంచం కింద పెట్టాడు. రెండు రోజులకు మంచం కింద బుడబుడమని చప్పుడు. అత్త చెవి పెట్టి వింది. మన ఇళ్లల్లో పచ్చడి పొంగితే అరిష్టం. తెల్లారేసరికి ఆవిడ జాడీ మొత్తం మోరీలో కుమ్మరించి, ఇంటి చుట్టూ పసుపు నీళ్లు చల్లింది. మా ఆయన జాడీ చూసుకుని, "అవ్వా, పొంగితెనే మంచిగైనట్టు!" అని నెత్తి కొట్టుకున్నాడు. "పొంగితె మంచిగ అయ్యేది పాలు రా, పచ్చడి గాదు" అంది ఆవిడ. రెండో జాడీకి ఆయన కాపలా పడుకున్నాడు. గల్లీ మొత్తానికి వాసన కొట్టింది. ఎదురింటివాళ్లు వచ్చి, "మీ ఇంట్ల ఎల్క గిట్ల సచ్చిందా?" అని అడిగారు. నేను తలుపేసుకున్నాను.

బోర్డు రాసేవాడు ఇంకో రకం. "కొరియా ఏడుందన్నా?" అని అడిగాడు. "చైనా పక్కపొంటి" అన్నాడు మా ఆయన. వాడు ఆలోచించి ఒక తెల్లటి బొద్దు ఆడమనిషిని గీశాడు, కళ్లు సన్నగా, నుదుట రూపాయంత బొట్టు, జడలో మల్లెపూలు. కింద 'కొరియా ఫ్యామిలీ హోటల్'. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, హోటల్‌లో ఇంకా చెంచా కూడా లేదు, బోర్డు మాత్రం వేలాడింది. మా అత్త దాన్ని చూసి, "ఎవరీమె? మన దిక్కామెనే గదా?" అంది.

బేగంబజార్‌లో సామాన్లకు నేనూ పోయాను. ఆయనతో రిక్షాలో పక్కపక్కన కూర్చోవడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. నేను రిక్షా టాపు వైపు, ఆయన రోడ్డు వైపు చూసుకుంటూ పోయాం. అక్కడ మా ఆయన చిన్న చిన్న ఇనుప కుంపట్లు వరసపెట్టి ఏరుతుంటే దుకాణం సేటు తట్టుకోలేక, "ఇత్‌నే చూల్హే కాయ్‌కో భాయ్? షాదీ హై క్యా?" అన్నాడు. పెళ్లికి కాదు, హోటలుకని చెప్పాం. "హోటల్‌ల వంటింట్ల ఒక పెద్ద పొయ్యి చాలు కదా" అన్నాడు తెలుగులోకి దిగి. అప్పుడు చెప్పాడు మా ఆయన అసలు సంగతి, సేటుకూ నాకూ కలిపి.

"కొరియాల వంటింట్ల వండరు సేటూ. ప్రతి టేబుల్ మీద ఒక కుంపటి పెడ్తరు. పచ్చి మాంసం పల్చగ కోసి, మసాలల నానబెట్టి ముందర పెడ్తరు. ఫ్యామిలీ అంత చుట్టు కూసొని, ముచ్చట పెట్టుకుంట, కాల్చుకుంట తింటరు. వండుకునుడే మజా!"

సేటు నా వైపు చూశాడు. నేను కుంపట్ల వైపు చూశాను. ఏదో తేడా కొడుతోందని ఇద్దరికీ అనిపించింది.

మా ఇంటి ముందుగదిలోనే చాపలు పరిచి పీటలు వేశాం. పరదా వాళ్ల కోసం ఒక మూల నా పాత చీర కట్టాం. "కింద కూసొని తినుడు నేర్చుకునేతందుకు కొరియా దాక పోయినవా?" అని అత్త కొడుకును దెప్పింది. మొదటి ఆదివారం మొదటి బేరం పక్క గల్లీలో ఉండే కోస్తా గుమాస్తాగారి సంసారం. ఆయన ఇస్త్రీ చొక్కా, పిల్లలు పౌడర్లు, ఆవిడ పట్టుచీర, తలలో పూలు. మా ఆయన వంగి వంగి దణ్ణాలు పెట్టి, నిప్పులు రాజేసిన కుంపటి తెచ్చి మధ్యలో పెట్టాడు. గోబి, ముల్లంగి, దోసకాయ, మొలకలు చిన్న చిన్న గిన్నెల్లో చుట్టూ పేర్చాడు. పచ్చి మాంసం పళ్లెం పెట్టాడు. పట్టకారు పెట్టాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

గుమాస్తాగారు పెళ్లాం వైపు చూశారు. పిల్లలు తల్లి వైపు చూశారు. ఆవిడ కాసేపు ఆ పట్టకారును పామును చూసినట్టు చూసి, నిట్టూర్చి, కొంగు దోపుకుంది.

అంతే. ఆవిడ కాలుస్తూనే ఉంది, వాళ్లు తింటూనే ఉన్నారు. "అమ్మా నాకు", "నాకింకోటి" అని పిల్లలు, "ఇది సరిగ్గా ఉడకలేదే" అని గుమాస్తాగారు. పొగకు ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి, పూలు వాడాయి. ఒక నిప్పురవ్వ ఎగిరి పట్టుచీర మీద పడి చిల్లు పెట్టింది. అప్పుడు లేచింది ఆవిడ.

"ఏవండీ! ఇంట్లో కుంపటి, ఇక్కడా కుంపటే! ఒక్క పూట వంట తప్పుతుందని కదా నేను పట్టుచీర కట్టుకుని ఏడ్చింది? పరాయి కొంపలో మాంసం వేపడానికా నన్ను తీసుకొచ్చారు?"

రెండో సంసారం యాకుత్‌పురా దర్జీ భాయ్‌ది. చీర పరదా వెనక వాళ్లావిడ కాల్చింది. మాకు మనిషి కనబడలేదు, గొంతు మాత్రం వినబడింది. "ఘర్ మే భీ మైచ్ పకానా, హోటల్ మే భీ మైచ్ పకానా? ఏ కైసా హోటల్ జీ!" ఇంట్లోనూ నేనే, హోటల్లోనూ నేనేనా అని. ఆ పరదా వెనక నుంచి పొగతో పాటు తిట్లు కూడా వచ్చాయి.

మూడోది ఒక మిల్లు కూలీ కుటుంబం. ఆమె మొగుడికీ, ముగ్గురు పిల్లలకూ, మరిదికీ కాల్చి కాల్చి పెట్టి, మాంసం అయిపోయాక, పళ్లెం అడుగున మిగిలిన నల్లటి రసంలో ఇంత అన్నం కలుపుకుని గబగబా తిని లేచింది. చల్లారిన అన్నం. అది చూస్తే నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, మా ఆయన మీద కూడా కాదు పాపం. క్యాంపులో అందరూ మగవాళ్లే. ఎవడి ముక్క వాడే కాల్చుకునేవాడు. అదే మజా అనుకుని మోసుకొచ్చాడు. ఉప్పుగూడలో ముక్క ఏ దేశానిదైనా కాల్చేది ఆడదేనన్న మాట ఆయన బుర్రకు తట్టనే లేదు.

మరుసటి వారానికి ఊరంతా పాకింది: "ఉప్పుగూడల ఒక హోటలుందంట. పైసలిచ్చి, వండిపెట్టి రావాలెనంట!" ఇక ఎవరు వస్తారు? ఈగలు వచ్చాయి. వాటికీ కుంపటి పొగ పడక తిరిగిపోయాయి. మా ఆయన గల్లీ మొదట్లో నిలబడి ఎవరి చేయి పట్టుకుని పిలిచినా, ఆ ఇంటి ఆడమనిషి వెనక నుంచి కళ్లెర్రజేసేది. సెలవేమో కరిగిపోతోంది. ఆయన పాస్‌పోర్టు తీసి దుమ్ము తుడవడం ఒకరోజు నా కళ్లబడింది.

"పోనియ్యే. కొరియోళ్ల హోటల్ కొరియల్నే నడుస్తది" అంది అత్త. ఆవిడ ఓదార్చిందో దెప్పిందో నాకు తెలియలేదు.

ఆ మర్నాడు నల్లా దగ్గర గల్లీ ఆడవాళ్లందరూ బిందెలు పెట్టుకుని ఉన్నారు. నేను పోగానే ఒకామె, "ఏం పొల్లా, ఇయ్యాల ఎవరితోని వండిపిస్తున్నరు?" అంది. అందరూ పకపకా నవ్వారు. నాకు కోపమొస్తే ముందు నోరు, వెనక బుద్ధి. బిందె ఠంగుమని కింద పెట్టి అరిచాను.

"ఈ ఆదివారం సంది మా హోటల్‌ల ఆడోళ్లు పట్టకారు ముట్టుకునేది లేదు! మొగోళ్లే వండుతరు. ఆడోళ్లు కూసోవాలె, తినాలె. గది కొరియా రూల్!"

కొరియా రూలు నాకేం తెలుసు? నా నోటికొచ్చిన రూలు అది. కానీ నల్లా దగ్గర నవ్వు టక్కున ఆగింది. బిందెలు నిండి పొర్లుతున్నాయి, ఎవరూ చూసుకోలేదు. చివరికి ఒక ముసలామె నెమ్మదిగా, "నిజంగనే మొగోళ్లు వండుతరా?" అని అడిగింది. "వండకుంటె అన్నం పెట్టం" అన్నాను.

ఆ ఆదివారం చూడాలి మా ఇల్లు! ఎప్పుడూ మొగుళ్లు పెళ్లాలను తీసుకొస్తారు, ఆ రోజు పెళ్లాలు మొగుళ్లను లాక్కొచ్చారు. అందరికన్నా ముందు గుమాస్తాగారి భార్య, అదే పట్టుచీర, చిల్లు కనబడకుండా కుచ్చిళ్లలోకి మడిచి. గుమాస్తాగారు పట్టకారు పుచ్చుకుని, "దీనికి ముందేదండీ, వెనకేదీ?" అని మా ఆయనను అడిగారు. కుంపటి ఆరిపోతుందేమోనని వంగి ఒక్క ఊదు ఊదేసరికి బూడిదంతా లేచి ముఖం మీద పడింది. ఆయన భార్య నవ్వు రైలు కూతను మించిపోయింది.

"తిప్పండి! అటు మాడుతోంది, తిప్పండి! అబ్బ, నేను పదేళ్ల నుంచి వండుతుంటే మీరు ఊరికే చూశారన్నమాట!"

దర్జీ భాయ్ మాత్రం పనిమంతుడు. ముక్కలను కంటితోనే కొలిచి, వరసగా కుట్టు వేసినట్టు పేర్చి, ఒక్కటీ మాడకుండా కాల్చాడు. పరదా వెనక నుంచి, "ఔర్ ఏక్ జీ... ఔర్ ఏక్" అని, ఇంకొక్కటి ఇంకొక్కటి అని, గొంతు తేనెలా వచ్చింది. అది విని మిగతా మగవాళ్లకు పంతం పుట్టింది. నాది బాగా కాలింది, నీది పచ్చిదని ఒకరి కుంపటి ఒకరు చూసుకోవడం, మధ్యలో ఒకాయన లుంగీకి రవ్వ అంటుకుంటే అందరూ కలిసి ముల్లంగి గిన్నెల్లోని నీళ్లు పోసి ఆర్పడం! మా ఆయన కుంపటికీ కుంపటికీ మధ్య పరుగులు పెట్టాడు.

మిల్లు కూలీ భార్య కూడా వచ్చింది. మొగుడు మొదటి ముక్క కాల్చి, అలవాటుగా తన పళ్లెం వైపే తిప్పుకున్నాడు. నేను గుడ్లురిమి చూశాను. ముక్క దారి మార్చుకుని ఆమె పళ్లెంలో పడింది. ఆమె నోట్లో వేసుకుని, హా హా అని నోరు తెరిచి, కళ్ల నీళ్లు పెట్టుకుని నవ్వింది. "నాలిక కాలిందే! ఉడుకుడుకుగ తిని ఎన్నేండ్లాయెనో!" అంది. నేను వంటింట్లోకి పోయి ఊరికే గిన్నెలు సర్దాను.

హోటల్ ఆదివారాలు కిటకిటలాడింది. మిగిలిన రోజుల్లో ఎవడొస్తాడు, మగవాళ్లకు పనులుంటాయి. దాంతో హోటల్ బతికిందని చెప్పడానికీ లేదు, చచ్చిందని ఏడవడానికీ లేదు. ఏజెంటు వచ్చే రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి వస్తానని కబురు పెట్టాడు. మా ఆయన పాస్‌పోర్టు కిటికీలో పెట్టి, ఏం తోచక, ఎవరూ లేని ముందుగదిలో ఒక కుంపటి రాజేశాడు. "ఇన్ని దినాలల్ల నువ్వు ఒక్కనాడు గూడ కూసొని తినలె. దా" అన్నాడు.

కూర్చున్నాను. ఆయన కాల్చి నా పళ్లెంలో వేశాడు. నేను ఆయన ముఖాన్ని నేరుగా చూశాను. గడ్డం కింద చిన్న మచ్చ ఉంది. నా మొగుడికి మచ్చ ఉందని నాకప్పటిదాకా తెలియదు. ఈ మచ్చ కూడా పాస్‌పోర్టు వెనకే దుబాయి పోతుందనుకునేసరికి నాకు దుఃఖం ఆగలేదు. నోట్లో ముక్కతోనే ఏడుపు మొదలుపెట్టాను.

"కారమైందా?" అన్నాడు ఆయన కంగారుగా.

"కారం గాదు, నీ తలకాయ! నువ్వు పోవద్దు! హోటల్ నడిస్తె నడువనియ్యి, మునిగితె మునగనియ్యి. గంజి తాగి బతుకుదాం. నువ్వు నాకు ఈడ కావాలె!"

ఆయన పట్టకారు అలాగే గాల్లో ఉండిపోయింది. "గీ మాట మొదట్ల ఎందుకనలె? ఏదన్న పెట్టుకుంట అన్ననాడు నీ ఇష్టం అంటివి. పొమ్మంటున్నవనుకున్న. ఒక్కపారన్న ఉండుమంటవేమోనని, గీ కొరియా అంత గందుకే పెట్టిన. నాకు హోటల్ ఫికర్ ఏడిది?"

"మరి నువ్వడిగినవా నన్ను?"

"నువ్వు చెప్పినవా?"

కొట్టుకునేవాళ్లమే. అంతలో తలుపు చాటు నుంచి మా అత్త ఊడిపడింది. ఎప్పటి నుంచి వింటోందో! నన్ను తిడుతుందనుకుని లేచి నిలబడ్డాను. ఆవిడ నేరుగా పోయి కొడుకు వీపు మీద రెండు గుద్దింది.

"నాలుగేండ్ల సంది నేను గూడ గిదే అందామనుకుంటున్న రా! నాకు నోరు రాలె! రైలు పోతది, వస్తది అని ఎవని కోసం చెప్పుకున్న? నన్ను నేను ఊకుంచుకునేతందుకు చెప్పుకున్న!" అని చాప మీద కూలబడి, గ్యాంగ్‌మన్ భార్య అన్న మాట మరిచి, గల్లీ అంతా వినబడేలా ఏడ్చింది.

అప్పుడే ఏజెంటు తలుపు కొట్టాడు. నేనే పోయి తీశాను. "ఈయన రాడు" అన్నాను. "ఆయనను అడిగి చెప్పమ్మా" అన్నాడు. "అడిగేది అయిపోయింది" అని తలుపు వేశాను.

పొమ్మనలేక పొగబెట్టినవాళ్ల గురించి మనం వింటూనే ఉంటాం. ఉండమనలేక పొగబెట్టుకున్నది మాత్రం మా ఇల్లొక్కటే అయి ఉంటుంది, అదీ మూడు వైపుల నుంచి. వెనక్కి వచ్చి చూస్తే కుంపటి మీది మాంసం బొగ్గయింది. మా ఆయన ఏ ముక్క ఎవరికి వెయ్యాలో తెలియక పట్టకారుతో నిలబడి ఉన్నాడు. మా అత్త ముక్కు చీదుకుని, పళ్లెం ముందుకు జరిపి, "నాకెయ్యి రా. నా కొడుకు చేతి వంట నేనింక తిననే లేదు" అంది.